ఎవరి చేతి పని?



క్రిందటి నెల ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. వారి ఊరి బడిలో పిల్లలకు చేతిపనుల పోటీ పెడుతున్నారట. వారి అబ్బాయి కర్ర మీద బొమ్మలు చక్కగా చెక్కుతాడట. “కాని అయ్యగారూ, డబ్బున్నవాళ్లు దుకాణంలో కొన్న బొమ్మ తెచ్చి బల్ల మీద పెడతారు. బహుమతి వాళ్లకే పోతుంది. మావాడు ఏడ్చుకుంటూ ఇంటికి వస్తాడు. పంపమంటారా, వద్దంటారా?” అని అడిగారు.

జవాబు వ్రాయడానికి కూర్చొని మేము రెండుసార్లు కలం పక్కన పెట్టాము. అలాంటి బల్ల దగ్గర మేమూ ఒకసారి తీర్పరులుగా నిలబడ్డాము. ఆ రోజు జరిగింది చెప్పకుండా ఈ సహోదరికి సలహా చెప్పడం మాకు తగదు.

2019 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిన తర్వాత, చివ్వెంల చుట్టుపక్కల ఒక బడిలో పిల్లల చేతిపనులకు పోటీ పెట్టారు. మట్టిపని, కుట్టుపని, కర్రపని అని మూడు రకాలు. కర్రపనికి మమ్మల్ని, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుణ్ణి, ఊరి పెద్ద ఒకరిని తీర్పరులుగా పిలిచారు. ముగ్గురిలో ఒక్కరికీ ఉలి పట్టడం రాదు. అదే ఊళ్లో నలభై ఏళ్లుగా నాగళ్లు, గుమ్మాలు, మంచాలు చేస్తున్న వడ్ల మేస్త్రి ఉన్నాడు. ఆయన్ని పిలవాలని ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు.

బెంచీల మీద పదిహేడు వస్తువులు పెట్టారు. గరిటెలు, పీటలు, ఒక దువ్వెన, ఒక ట్రాక్టరు, రెండు పడవలు. నడుమ ఒక అంబారీ ఏనుగు. ఎర్ర జీను, బంగారు రంగు అంచు, పైన కూర్చున్న రాజు, ముందు మావటివాడు. ఎండ పడితే మెరుస్తోంది. మూలన ఒక ఎడ్లబండి. రంగు లేదు. వేప కర్ర. ఒక చక్రం కాస్త కోడిగుడ్డులా ఉంది. కాని ఎద్దుల మెడలు చూస్తే బరువు లాగుతున్నట్టే ముందుకు వంగి ఉన్నాయి. ఆ వంపు ఎక్కడినుంచి వచ్చిందో, ఎద్దులను దగ్గరగా చూసినవాడికే వస్తుంది.

ఏనుగును చేతిలోకి తీసుకోగానే మాకు సంగతి తెలిసిపోయింది. అది చాలా తేలికగా ఉంది. మన వేపగాని తుమ్మగాని టేకుగాని అంత లావున అంత తేలికగా ఉండదు. కాలి అడుగున రంగు పెచ్చు లేచినచోట తెల్లని సుద్ద కనిపించింది. తొండం మొదట్లో అతుకు గీత ఉంది. అది కొండపల్లి బొమ్మ.

మాకెలా తెలుసంటే, మేము కొండపల్లి వెళ్లి చూశాము. సూర్యాపేట నుండి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ దాటితే ఇబ్రహీంపట్నం వస్తుంది. కొండపల్లి దాని పక్కనే. మన వైపునుండి విజయవాడ ఆసుపత్రులకు, పెళ్లిళ్లకు పోయేవారు ఎందరో ఆ దారినే పోతారు, కాని ఆగరు. మేము ఒకసారి బస్సు దిగి ఆ బొమ్మల వీధిలో సగం రోజు కూర్చున్నాము.

అక్కడివారు తెల్ల పొణికి అనే మెత్తని కర్ర వాడతారు. కోసి ఆరబెట్టిన కర్రను సన్నని సెగ మీద కాచి లోపలి తేమంతా తీస్తారు. ఈ పనిలో తొందరపడితే బొమ్మ అప్పటికి బాగానే ఉంటుంది. కొన్నవాడి ఇంటికి వెళ్లాక పగులుతుంది. బొమ్మంతా ఒకే ముక్కలోంచి తియ్యరు. ఒళ్లు వేరుగా, చేతులు వేరుగా, తల వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకులను ఆకురాయితో రుద్ది, సున్నపు పూత వేసి, ఆరిన తర్వాత మేక వెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు. తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, బావి దగ్గర ఆడవాళ్లు, ఎడ్లబండి, అంబారీ ఏనుగు, దశావతారాలు. ఈ పని చేసే ఆర్యక్షత్రియ కుటుంబాలవారు తమ పెద్దలు 400 ఏళ్ల క్రితం రాజస్థాన్ నుండి వచ్చారని చెప్పుకుంటారు.

వారి పేరు దొంగిలించకుండా ఇప్పుడు చట్టం కూడా ఉంది. ఒక ప్రాంతపు వస్తువుకు ఆ ప్రాంతపు పేరు కాపాడే చట్టం మన దేశంలో 1999లో చేశారు; 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. కొండపల్లి బొమ్మలకు, మన నిర్మల్ బొమ్మలకు, ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. ఇంకెక్కడో ఇంకేదో కర్రతో చేసి కొండపల్లి అని పేరు పెట్టి అమ్మితే తప్పు. మరి కొండపల్లి పనివాడి బొమ్మను తెచ్చి, ఇది ఎనిమిదో తరగతి పిల్లవాడు చేసినది అని బల్ల మీద పెడితే? ఆ చట్టం బడిదాకా రాదు. ఆ రోజు దాన్ని ఆపవలసినవాళ్లం మేమే.

ఆపలేదు. ఎందుకో దాచకుండా చెబుతాము. ఆ అబ్బాయి తండ్రి మా సంఘంలో ముఖ్యుడు. ఆ ఏడు మందిరానికి ప్రహరీ గోడ మొదలుపెట్టాము. సిమెంటు అంతా తానే ఇప్పిస్తానని ఆయన మాట ఇచ్చి పదిరోజులు కూడా కాలేదు. మేము ఏనుగును కింద పెట్టి, “బాగుంది” అన్నాము. తక్కిన ఇద్దరు తీర్పరులు మా ముఖం చూసి వాళ్లూ బాగుందన్నారు. ఏనుగుకు మొదటి బహుమతి, పడవకు రెండవది, ట్రాక్టరుకు మూడవది. ఎడ్లబండికి ఊరడింపుగా ఒక ప్లాస్టిక్ టిఫిను డబ్బా.

అందరూ వెళ్తుంటే ఆ బండి చేసిన పిల్లవాడు గేటు దగ్గర మమ్మల్ని ఆపాడు. ఏడవలేదు, అలగలేదు. “అయ్యగారూ, నా బండిల ఏం తప్పున్నది?” అని అడిగాడు.

ఏమి చెప్పాలి? “ఇంకా కొంచెం నునుపు రావాలి బాబూ” అన్నాము.

వారం తిరిగేసరికి ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. బండినంతా గరుకు కాగితంతో రుద్దాడు. చక్రం కూడా సరిచేశాడు. రుద్ది రుద్ది వేళ్ల చివర్లు ఎర్రబడి ఉన్నాయి. “ఇప్పుడు సక్కగున్నదా?” అన్నాడు. ఎద్దుల మెడ మీద ఉలిగాట్లు పోయి ఆ మొదటి వంపు కూడా కొంత చెడిపోయింది. మా అబద్ధం ఒకటి వాడి చేతిలో పనిముట్టయి, వాడి మంచి పనిని వాడిచేతనే చెరిపించింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు సాయంకాలం ఏనుగు అబ్బాయి తండ్రి దగ్గరకు వెళ్లాము. అడిగితే దాచలేదు. విజయవాడనుంచి వస్తూ కొన్నానన్నారు. “మీకప్పుడే తెలుసా?” అని అడిగారు. తెలుసునన్నాము. ఆయన ముఖం ఎర్రబడింది. మా మీద కోపమో తన మీద కోపమో మాకు తెలియలేదు. కాసేపు ఆగి, “అయినా అయ్యగారూ, కొండపల్లిల మాత్రం ఒక్కడే చేస్తడా? ఇంటిల్లిపాది చేస్తరు. పేరు ఒక్కనిదే ఉంటది. మావానికి నేను కొనిచ్చిన, ఇంట్లవాళ్లు ఇయ్యరా?” అన్నారు.

తప్పించుకోవడానికి అన్న మాటే అయినా అందులో కొంత నిజం ఉంది. అది మమ్మల్ని చాలాకాలం వదలలేదు. కొండపల్లిలో మేము కూర్చున్న ఇంట్లో చెక్కేది మగవారు, రంగులు వేసేది ఆడవారు. ముసలమ్మ ఒకరు ఒక్క గీత వణకకుండా ఏనుగు కన్ను దిద్దింది. ప్రభుత్వం హస్తకళాకారులకు 1965 నుండి జాతీయ పురస్కారాలు ఇస్తోంది. 2002లో శిల్పగురు అనే పెద్ద గౌరవం కూడా పెట్టారు. మంచిదే. పనివాడి ఇంటికి వెలుగు వచ్చింది. కాని ఒక బొమ్మకు నాలుగు జతల చేతులు పడితే, పత్రం మీదికి ఎక్కే పేరు సాధారణంగా ఒక్కటే.

ఇక్కడ నిర్గమకాండము 31వ అధ్యాయం చూడండి. ప్రత్యక్ష గుడారపు పనికి, కర్ర చెక్కే పనికి కూడా, బెసలేలును పేరు పెట్టి పిలిచిన సంగతి ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ వెంటనే అతనికి తోడుగా అహోలీయాబు పేరు కూడా ఉంది. అతని తండ్రి పేరు, గోత్రం పేరు కూడా వ్రాయబడి ఉన్నాయి. 35వ అధ్యాయానికి వస్తే చేతులతో వడికిన స్త్రీల ప్రస్తావన కూడా ఉంది. పని పెద్దది గనుక చేతులు చాలా కావాలి. అందుకు ఎవరూ సిగ్గుపడలేదు, ఎవరినీ దాచలేదు. మా పెద్దమనిషికి మేము చెప్పగలిగినది అదే. కొండపల్లి ఇంట్లో అందరూ కలిసి చేస్తారు, నిజమే. ఆ బొమ్మ అమ్ముడైతే ఆ ఇంట్లో అందరూ అన్నం తింటారు. మన ఏనుగు విషయంలో దాన్ని చేసినవారి పేరు చెరిపి, పని తెలియని పిల్లవాడి పేరు వ్రాశాము. ఆయన మాట్లాడలేదు. మూడు ఆదివారాలు మందిరానికి రాలేదు. నాలుగో ఆదివారం వచ్చారు. సిమెంటు కూడా వచ్చింది. (గోడ ఇప్పటికీ ఒక వైపు సగమే లేచి ఉంది. దానికి కారణం ఆయన కాదు, మా దగ్గర ఇసుకకు డబ్బు లేకపోవడం.)

బడిలో హెడ్మాస్టరు గారు, “సర్టిఫికెట్లు ఇచ్చేసినం, రిజిస్టరు మార్చలేము” అన్నారు. సోమవారం ప్రార్థనా సమయంలో పిల్లల ముందు నిలబడి, మొన్నటి తీర్పు సరిగా చెయ్యలేదు, తప్పు తీర్పరులది, బండి మొదటి బహుమతికి తగినది అని చెప్పాము. ఏనుగు అబ్బాయి తండ్రి చెప్పినట్టు చేశాడే గాని వాడికి వేరే దోషం లేదు గనుక వాడి పేరు ఎత్తలేదు. తెలిసి కూడా ఊరుకున్నామన్న ముక్క మాత్రం అక్కడ నోరు దాటి రాలేదు. అది ఇప్పుడు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ తర్వాత వెళ్లి వడ్ల మేస్త్రిని కలిశాము. మొదటే చెయ్యవలసిన పని. పిల్లలు తెచ్చిన బొమ్మ వాళ్లదో కాదో ఎలా కనిపెట్టాలి అని అడిగాము. ఆయన నవ్వి, “ఖరాబైన ముక్కలేవని అడుగుండ్రి సారూ” అన్నాడు. ఒక ఎద్దు చెక్కాలంటే రెండు ఎద్దులు పాడవుతాయట. నార అడ్డంగా ఉన్నచోట ఉలి పెడితే చెవి ఊడిపోతుంది, కొమ్ము విరుగుతుంది. చేసినవాడి దగ్గర ఆ విరిగిన ముక్కలు ఉంటాయి, ఎందుకు విరిగిందో వాడికి తెలుస్తుంది. కొన్నవాడి దగ్గర బొమ్మ ఒక్కటే ఉంటుంది. తండ్రి దగ్గర కూర్చొని నేర్పితే తప్పా అని అడిగాము. “చెప్పుడు తప్పు గాదు. ఉలి అందుకునుడు తప్పు” అన్నాడు. వస్తువును ముందు వైపు చూడడట. తిప్పి అడుగున చూస్తాడట. చూసేవాడు లేని వైపు ఎలా పని చేశాడో అక్కడ తెలుస్తుందట.

అడుగు వైపు అంటే గుర్తొచ్చింది. ఏటికొప్పాక సంగతి వినండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఆ ఊరు. అంకుడు కర్రను తిరుగుడు పట్టకం మీద తిప్పుతూ లక్క పూసి బొమ్మలు చేస్తారు. మధ్యలో కొంతకాలం రసాయనపు రంగులు వచ్చాయి. అవి చవక, మెరుపు ఎక్కువ. అక్కడి సి.వి. రాజు గారు చెట్ల బెరళ్లు, గింజలు, ఆకుల నుండి తీసే రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇందులో మాకు నచ్చిన సంగతి వేరు. 2021 జనవరి 1 నుండి మన దేశంలో ఆటబొమ్మలకు నాణ్యత ముద్ర తప్పనిసరి చేశారు. హస్తకళల శాఖలో నమోదైన పనివారు చేసే బొమ్మలకు, ప్రాంతపు గుర్తింపు ఉన్న బొమ్మలకు మాత్రం ఆ నిబంధన నుండి మినహాయింపు ఇచ్చారు. చిన్న పనివాడు పరీక్షల ఖర్చు భరించలేడు గదా, న్యాయమే. కాని దాని అర్థం ఏమిటి? ఆ బొమ్మను ఏడాది బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. అందులో ఏ రంగు ఉందో బిడ్డకు తెలియదు, తల్లికి తెలియదు, ప్రభుత్వం అడగదు. పనివాడికి ఒక్కడికే తెలుసు.

మరుసటి ఏడు, 2020 జనవరిలో, అదే బడిలో పోటీ పద్ధతి మార్చించాము. ఇంటినుంచి వస్తువులు తేవద్దన్నాము. అందరికీ ఒకే రకం వేప ముక్క. వేపచెట్టు కింద గోనెపట్టాలు పరిచి, ఉదయం తొమ్మిదింటినుంచి ఒంటిగంటదాకా అందరి ముందే చెక్కాలి. ఆరేడు తరగతులు ఒక జట్టు, పైతరగతులు ఒక జట్టు. తీర్పరి వడ్ల మేస్త్రి. ఆయన మనుమరాలు ఆ బడిలోనే చదువుతోంది గనుక ఆమె వస్తువు దగ్గరకు వచ్చినప్పుడు ఆయన లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడు; ఎవరూ చెప్పకుండానే. దానికి మార్కులు తక్కిన ఇద్దరం వేశాము.

ఇదంతా మేము కనిపెట్టిన గొప్ప కాదు. ప్రపంచ స్థాయిలో యువకులకు వృత్తి నైపుణ్యాల పోటీలు జరుగుతాయి. 2024 సెప్టెంబరులో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జరిగాయి. వడ్రంగం, గుమ్మాల పని, బీరువాల పని అన్నీ ఉంటాయి. అందరికీ ఒకే నమూనా, ఒకే కొలతలు, జనం చూస్తుండగా అక్కడే చెయ్యాలి. ఏ దేశపు తీర్పరి ఆ దేశపు పిల్లవాడికి మార్కులు వెయ్యకూడదు. అమెరికాలోని మేరీలాండ్‌లో 1971లో మొదలైన చెక్కపక్షుల పోటీ ఇంకా తమాషాగా ఉంటుంది. పూర్వం వేటగాళ్లు నిజం బాతులను రప్పించడానికి చెక్కబాతులను చెరువులో వదిలేవారు. ఆ పని పోటీ అయింది. కొత్తగా నేర్చుకునేవారిని, ఆరితేరినవారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టరు, తరగతులు వేరు. కొన్ని రకాల బాతులను నీళ్ల తొట్టిలో వదిలి చూస్తారు. పైన ఈకలు ఎంత అందంగా దిద్దినా, బరువు సరిగా కుదరక పక్కకు ఒరిగితే పని అయిపోయినట్టే. నీళ్లకు ఎవరి సిమెంటూ అక్కరలేదు.

ఆ ఏడు చిన్నజట్టులో, పెద్దజట్టులో ఎవరు గెలిచారో చెప్పాలి గదా. మేస్త్రి మనుమరాలికి ఏమీ రాలేదు. పెద్దజట్టులో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కొమ్మమీది చిలుకను చెక్కి మొదటి బహుమతి తీసుకుంది. మన ఎడ్లబండి అబ్బాయికి రెండవది. మాకు మనసులో బాధ కలిగింది, వాడికి ఈసారైనా రావాలని కోరుకున్నాము. (అదీ తీర్పరికి ఉండకూడని కోరికే.) వాడు మాత్రం ఆ చిలుకను చేతిలోకి తీసుకొని, తిప్పి అడుగున చూసి, “రెక్క కాడ నార మంచిగ పట్టింది” అన్నాడు.

మార్చిలో కరోనా వచ్చి బళ్లు మూశారు. పోటీ ఆగిపోయింది. ఆ అబ్బాయి మేనమామ వెంట సూర్యాపేటకు పనికి పోయినవాడు మళ్లీ బడికి రాలేదు. ఇప్పుడు ఒక తలుపుల దుకాణంలో ఉన్నాడు. అక్కడ కంప్యూటరుతో నడిచే చెక్కుడు యంత్రం ఉంది. పూలు, లతలు, నెమళ్లు అరగంటలో దింపేస్తుంది. యంత్రం పాపం ఏమీ కాదు. రంపపు మిల్లు వచ్చినప్పుడు కూడా మన పెద్దలు ఇలాగే అనుకున్నారు. మొన్న మేము వెళ్లినప్పుడు ఒకాయన ఇంటి ప్రధాన ద్వారం చూస్తూ, “అంతా చేతిపనేనా?” అని అడిగాడు. దుకాణం యజమాని లోపల ఉన్నాడు. ఈ అబ్బాయి, “పూలు మిషన్‌వి సార్. ఈ అంచులు, పైన పిట్టలు నావి” అన్నాడు. ఆయన ధర తగ్గించమన్నాడు. కొంత బేరమాడి చివరికి కొనకుండా వెళ్లిపోయాడు.

“యజమాని ఏమనడా?” అని అడిగాము.

“అంటడు” అన్నాడు. “నెల జీతంల కోస్తనని ఒకసారి అన్నడు. కోసిండు కూడ.” మళ్లీ ఉలి అందుకున్నాడు. మాకు చెప్పడానికి మాట దొరకలేదు. వాడికి పెళ్లి కావలసిన చెల్లెలు ఉంది.

సహోదరీ, మీ అబ్బాయిని పంపండి. పంపేముందు మీరే వెళ్లి హెడ్మాస్టరు గారిని కలిసి, పిల్లలచేత అక్కడే చెక్కించమనీ, మీ ఊరి వడ్లాయనను తీర్పరిగా పిలవమనీ అడగండి. వారు ఒప్పుకోకపోతే, బొమ్మతోపాటు విరిగిన ముక్కలు, సగం చెక్కి వదిలేసినవి ఒక సంచిలో వేసి అబ్బాయి చేతికివ్వండి. ఎవరైనా అడిగితే ఏది ఎందుకు విరిగిందో వాడే చెప్పాలి. పోటీ ఏ తారీఖునో మాకు వ్రాయండి. బస్సు దొరికితే చూడడానికి వస్తాము.